ఐదు బాండు రోజుల్లో కరెంటు పడవ

ఆర్మూరులో నది లేదు. రాతిగుట్టలున్నాయి, వాటి నెత్తిన నవనాథ సిద్ధేశ్వరుడున్నాడు, కింద రెండు జాతీయ రహదారులు కలిసే కూడలి ఉంది, చుట్టూ పసుపు చేలున్నాయి. పడవ ఎక్కాలనుకున్నవాడు 44వ నంబరు రహదారి పట్టుకొని ఉత్తరానికి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు పోయి పోచంపాడు కట్ట ఎక్కాలి. కాబట్టి కరెంటు పడవల గొప్పతనం మీద ఉపన్యాసం ఇవ్వడానికి ఇంతకన్నా అనువైన ఊరు దొరకదు. నీళ్లు లేని చోట పడవ ఎప్పుడూ మునగదు.

చిక్కల్లా ఒక్కటే. ఇక్కడి రైతు సగం ఎలక్ట్రీషియను.

డీజిల్ మానేసి కరెంటుకు మారితే లాభమేంటో అతనికి ఎవరూ కరపత్రం పంచక్కర్లేదు. అతని తండ్రి కాలంలోనే బావుల గట్ల మీద టకటకలాడిన ఆయిలింజన్లు మూలపడి మోటార్లు వచ్చాయి. డబ్బా పట్టుకొని బంకు దగ్గర నిలబడే పని తప్పింది. హ్యాండిల్ తిప్పి తిప్పి భుజం పట్టేసేది, అదీ పోయింది. నీళ్ల మీద నూనె తెట్టు తేలడం ఆగింది, మొహానికి మసి అంటడం ఆగింది. దాని వెంట వచ్చిన బాధలూ అతనికి కంఠతా వచ్చు. ఫేజు పోతే మోటారు కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ పేలితే నలుగురూ చందా వేసుకొని దాన్ని ట్రాక్టర్లో ఎక్కించుకొని పోవాలి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చినప్పుడు ‘దయచేసి ఆటో స్టార్టర్లు తీసేయండి’ అని సర్కారే బతిమాలింది. కరెంటు ఎప్పుడొస్తుందో తెలియని రోజుల్లో, రాగానే దానంతటదే తిరిగేలా మోటారుకు కాపలా పెట్టిన తెలివి అది. ఇలాంటివాడి ముందు నిలబడి ‘కరెంటు పడవకు పొగ రాదు తెలుసా’ అంటే, నాటుకోడి కూరకు పేరుమోసిన అంకాపూర్‌లో దాన్ని ఎలా వండాలో నేర్పబోయినట్టే ఉంటుంది.

అలాగని పడవ గొప్పది కాదని ఎవరూ అనడం లేదు. సాక్ష్యం కేరళలో ఉంది. వైకోం నుంచి తవణక్కడవు దాకా వేంబనాడు కాయల్ దాటించడానికి 2017 జనవరిలో ‘ఆదిత్య’ అనే సౌర పడవను దించారు. కొచ్చిలోని నావాల్ట్ సంస్థ కట్టింది, రాష్ట్ర జలరవాణా శాఖ నడుపుతోంది. ఒక్కసారికి 75 మంది ఎక్కుతారు. నడిపేవి రెండు మోటార్లు, ఒక్కోటి 20 కిలోవాట్లు. ఆర్మూరు భాషలో చెప్పాలంటే, ఐదు హెచ్‌పీ బోరు మోటార్లు పదకొండు కలిపితే ఆ పడవ. బ్యాటరీలో పట్టేది యాభై యూనిట్లు. నెత్తిన సోలార్ పలకలు ఉంటాయి గనుక ఎండ ఉన్నంతసేపు మేత నడుస్తూనే అందుతుంది. అంతే సైజు డీజిల్ పడవైతే రోజుకు వంద లీటర్ల పైనే తాగేది. మొదట్లో పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం డీజిల్ పడవకు రోజు ఖర్చు దాదాపు 8,000 రూపాయలు, దీనికి కరెంటు ఖర్చు 180. పక్కనే కొచ్చిలో 2023 ఏప్రిల్ 25న వాటర్ మెట్రో మొదలైంది. ఆ పడవల్లో వందేసి మంది పడతారు, స్టేషన్‌లో ఆగిన పది పదిహేను నిమిషాల్లో ఛార్జింగ్ పెట్టుకుంటారు.

ఈ పడవను ‘రేపటి టెక్నాలజీ’ అని పరిచయం చేసే వక్తలకు చిన్న మనవి. పారిస్‌లో సీన్ నది మీద గుస్తావ్ త్రూవే అనే పెద్దమనిషి బ్యాటరీ పడవ నడిపింది 1881లో. ఆదిత్యకు 2020లో వచ్చిన అంతర్జాతీయ బహుమతి కూడా ఆయన పేరు మీదే ఉంది. రేపు అనేది ఇంత పాతబడటం పసుపు రైతులు తప్ప ఇంకెవరూ చూసి ఉండరు.

పడవ గుణం కాస్త దగ్గరగా చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. డీజిల్ ఇంజను తాగిన నూనెలో మూడో వంతుకు అటూ ఇటూ మాత్రమే పనిలోకి వస్తుంది, మిగతాది వేడిగా, పొగగా పోతుంది. మోటారు తొంభై శాతం దాకా పని చేస్తుంది. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ కిలో డీజిల్‌లో ఉన్న శక్తిని దాచాలంటే పదుల కిలోల బ్యాటరీ మోయాలి. పైగా నీళ్లకు ఒక మొండి లక్షణం ఉంది. పడవ వేగం రెట్టింపు చేయాలంటే శక్తి సుమారు ఎనిమిది రెట్లు కావాలి. అందుకే కరెంటు పడవ నిదానస్తుల వాహనం. ఆ రేవు నుంచి ఈ రేవుకు, కొలిచిన దూరం, గడియారం ప్రకారం, తొందర లేకుండా తిరిగేదానికి అది బంగారం. ముందొక సైరనూ వెనకొక జెండా వేసుకొని దూసుకుపోయే అలవాటున్నవారు ఎక్కితే మధ్యలో ఆగుతుంది. రాజకీయాల్లో దానికి ఇప్పటిదాకా సరైన ఆదరణ దొరకకపోవడానికి ఇది కూడా కారణం కావచ్చు.

ఇంకో సంగతి నార్వేది. 2015లో ‘ఆంపియర్’ అనే కరెంటు ఫెర్రీని ఒక సముద్రపు పాయ మీద దించారు. 120 కార్లు మోసే పెద్ద ఓడ. తీరా చూస్తే రెండు ఒడ్డుల్లోని పల్లెల కరెంటు లైన్లకు దాన్ని ఛార్జ్ చేసే సత్తువ లేదు. అంత డబ్బున్న దేశానికీ లో వోల్టేజీ! వాళ్లు ఏం చేశారంటే, రెండు రేవుల్లోనూ పెద్ద బ్యాటరీలు కట్టారు. ఓడ లేని సమయంలో లైను నుంచి మెల్లగా నింపుకుంటాయి, ఓడ రాగానే గబగబా పోస్తాయి. చిన్న కుళాయి కింద సంపు కట్టుకున్నట్టు. ఓడ గురించి ఊహించడానికి ముందు ఒడ్డు గురించి ఆలోచించారన్నమాట.

మన దగ్గర వరస ఇంకోలా ఉంటుంది. 2016 మే 1న వారణాసి అస్సీ ఘాట్‌లో ప్రధాని చేతుల మీదుగా పదకొండు ఈ-బోట్లు పంచారు. ఐదేళ్లు తిరిగేసరికి అదే గంగ మీద అవే ఘాట్లలో డీజిల్ పడవలను సీఎన్‌జీకి మార్చే కార్యక్రమం పెద్ద ఎత్తున మొదలైంది. 2024 జనవరిలో పొగ తగ్గించే పడవల కోసం ‘హరిత్ నౌకా’ మార్గదర్శకాలు కూడా వచ్చాయి. పేరు మటుకు చక్కగా ఉంది. రిబ్బను దొరకడం ఎప్పుడూ కష్టం కాలేదు, ప్లగ్గు పెట్టుకునే గోడే కనిపించదు.

ఇక పోచంపాడు సంగతి. 1963 జులై 26న నెహ్రూ శంకుస్థాపన చేసిన అక్కడి శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు 42 గేట్లు, నిండితే మట్టం 1,091 అడుగులు. కట్ట కింద 36 మెగావాట్ల జల విద్యుత్ కేంద్రం ఉంది. అంటే నీళ్లు, వాటి పక్కనే కరెంటు, ఆ రెండూ ఒకే తల్లి పిల్లలు. కరెంటు పడవకు ఇంతకన్నా మంచి పుట్టిల్లు ఎక్కడ దొరుకుతుంది? వక్త ఇక్కడ చప్పట్ల కోసం ఆగుతాడు. ఆ చప్పట్లలో బాబ్లీ గురించి ఎవరూ అడగరు. ఎగువన మహారాష్ట్రలో ఉన్న ఆ బ్యారేజీ గేట్లు సుప్రీంకోర్టు 2013 తీర్పు ప్రకారం జులై 1 నుంచి అక్టోబరు 28 దాకా ఎత్తి ఉంచాలి, మిగతా కాలం దించుకోవచ్చు. ఎండలు ముదిరేసరికి జలాశయం అంచు నిన్న రేవు ఉన్న చోటి నుంచి ఎక్కడికో జరిగి, మధ్యలో నెర్రెలిచ్చిన ఒండ్రు మిగులుతుంది. ఛార్జింగ్ స్తంభం ఏ గీత దగ్గర పాతాలి? నీటి అంచు వెంట స్తంభాన్ని కూడా నడిపించాలంటే ఇంకో టెండరు పిలవాలి.

భద్రత మాట కూడా అనుకోవాలి, నవ్వు పక్కన పెట్టి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో రాయల్ వశిష్ట అనే పడవ మునిగినప్పుడు అందులో 77 మంది ఉన్నారు. వరద ఉధృతిలో వదిలిన పడవను, లైఫ్ జాకెట్ తొడగని ప్రయాణికులను ఏ బ్యాటరీ కాపాడదు.

మరి ఆర్మూరు దాకా కరెంటు పడవ ఎప్పుడొస్తుంది? లెక్క కట్టడానికి ఈ ఊరికి సొంత పంచాంగం ఉంది. 2019 లోక్‌సభ ఎన్నికల్లో నిజామాబాద్ బరిలో 185 మంది నిలిచారు. అందులో 178 మంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 ఓటింగ్ యంత్రాలు వరసగా పేర్చాల్సి వచ్చింది. గెలిచిన ఐదు రోజుల్లో పసుపు బోర్డు తెస్తానని బాండు పేపరు మీద రాసిచ్చిన అభ్యర్థి గెలిచారు. ఫలితం వచ్చింది 2019 మే 23న. బోర్డు ప్రకటన మహబూబ్‌నగర్ సభలో 2023 అక్టోబరు 1న, ప్రారంభం 2025 జనవరి 14న, సంక్రాంతి నాడు. నిజామాబాద్‌లో ఆఫీసు తలుపు తెరిచింది అదే ఏడాది జూన్ 29న. ఆలస్యమైనా వచ్చింది, కాదనలేం. ప్రారంభం నాటికి లెక్క వేస్తే 2,063 రోజులు. దాన్ని ఐదుతో భాగిస్తే ఒక బాండు రోజు అంటే మన రోజులు దాదాపు 413, ఇంచుమించు ఏడాదీ నెలన్నర. ఇదే కొలతతో, ఆరు నెలల్లో కరెంటు పడవ తెస్తానని ఎవరైనా బాండు రాస్తే, అది పోచంపాడు చేరేది రెండు వందల మూడేళ్ల తర్వాత. పసుపు కాడికి, గోళకు మాత్రం ధర ఏ పూటకాపూట మారుతూనే ఉంటుంది.

అనుకోకుండా ఏదో ఒక కంపెనీ మనిషి ముందే వచ్చాడే అనుకుందాం. పొద్దున్నే జలాశయం అంచున నిలబడతాడు. రాత్రి వేసిన వల తీసుకొని ఒక పెద్దాయన పుట్టిలో ఒడ్డుకు వస్తాడు. గుండ్రటి పుట్టి, లోపల రెండు బొచ్చెలు, నాలుగు రవ్వలు, కాళ్ల కింద తడి వల. కంపెనీ మనిషి ఫోన్‌లో బొమ్మ చూపించి మొదలుపెడతాడు.

“కాకా, దీనికి పొగ రాదు.”

“మా పుట్టికి గుడ రాదు బిడ్డా.”

“చప్పుడు చెయ్యదు.”

“చప్పుడైతే చాపలు పోతయ్ గదా. గందుకే మేం సుత మెల్లగనే పోతం.”

“డీజిల్ ఖర్చు ఉండదు కాకా, ఒక్క లీటరు కూడా!”

పెద్దాయన వల దులుపుతూ ఆలోచిస్తాడు. ఎదురుగాలిలో తెడ్డు వేసి వేసి అరచేతులు కాయలు కాసి ఉన్నాయి. మోటారు ఉంటే ఎదురుగాలి రోజున, వల దూరంగా వేసిన రోజున భుజాలకు కొంత తెరిపి దొరుకుతుంది. ఆ ఆశ కళ్లలో కనబడుతుంది కూడా. తర్వాత ఫోన్‌లో బొమ్మకేసి వంగి, వేలితో పడవ వెనక భాగం చూపించి అడుగుతాడు:

“నడిమిట్ల కరెంట్ అయిపోతే, గీ మోటర్ ఎత్తి పెట్టి తెడ్డు ఎయ్యొస్తదా?”

కంపెనీ మనిషి కరపత్రం తిరగేసి చూస్తున్నాడు.