కాన్ఫిగర్ సూత్రానికి కోనసీమ టీక

మూలం
కాన్ఫిగర్ && మేక్ && మేక్ ఇన్‌స్టాల్

ప్రతిపదార్థం
కాన్ఫిగర్ = యంత్రమునందు ఉన్నవానిని, లేనివానిని తడిమి చూచి మేక్‌ఫైలును వ్రాయునది; && = మొదటిది నెగ్గిననే రెండవదానిని సాగనిచ్చు సంధి; మేక్ = ఆ మేక్‌ఫైలు ప్రకారము సోర్సును యంత్రభాషలోనికి వండునది; ఇన్‌స్టాల్ = వండినదానిని విస్తరిలోనికి చేర్చునది.

తాత్పర్యం
జీసీసీ కంపైలరునూ జీడీబీ డీబగ్గరునూ రెడీమేడ్ ప్యాకేజీలుగా తెచ్చుకోక, సోర్సు నుంచి సొంతంగా కట్టుకునే విధానం ఇది.

విశేషాలు
జీసీసీ వారి కాన్ఫిగర్ మొదట జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ అనే మూడు లైబ్రరీలను అడుగుతుంది. కంపైల్ చేసేటప్పుడే స్థిరాంకాల లెక్క పొల్లు పోకుండా కట్టడానికి అవి కావాలి. వాటిని తెచ్చిపెట్టే స్క్రిప్టు సోర్సులోనే, కంట్రిబ్ ఫోల్డర్లో ఉంది. దాన్ని చూడకుండా ఒక్కొక్కటీ వెతుక్కుంటూ తిరగడం అంబాజీపేటలో ఉండి కొబ్బరికాయ కోసం రాజమండ్రి వెళ్ళడమే. సోర్సు ఉన్న ఫోల్డర్లోనే కట్టకూడదు, పక్కన వేరేది తెరవాలి. కాయలు వలిచే చోట పీచు గుట్టపడుతుంది. ఆ పని ఎవరూ వంటింట్లో పెట్టుకోరు.

ఇక మేక్. బీజాంకుర న్యాయానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. 2013లో వచ్చిన 4.8 నుంచి జీసీసీని సీ ప్లస్ ప్లస్‌లో రాస్తున్నారు. అంటే సీ ప్లస్ ప్లస్ కంపైలరు కట్టాలంటే ముందే ఒక సీ ప్లస్ ప్లస్ కంపైలరు ఉండాలి. పెరుగు కావాలంటే పెరుగు ఉండాలి. పక్కింటి తోడుతో తోడుకున్నది మొదటి దశ. ఆ పెరుగే తోడుగా రెండోది, రెండోదే తోడుగా మూడోది. రెండో, మూడో దశల ఆబ్జెక్ట్ ఫైళ్ళను మేక్ పోల్చి చూస్తుంది; తేడా కనిపిస్తే పని ఆపేస్తుంది. ఇంత చేసినా పక్కింటి పులుపు పోయిందని చెప్పలేం. సోర్సులో ఎక్కడా కనిపించని దొంగ కోడు కంపైలరు నుంచి కంపైలరుకు తోడులా పాకగలదని 1984లో కెన్ థాంప్సన్ చూపించాడు. పోలిక పరీక్షకు అది చిక్కదు. రెండు గిన్నెల్లోనూ ఒకే పులుపు మరి.

మామూలు ల్యాప్‌టాప్ మీద ఈ మూడు దశలకూ గంటలు పడుతుంది. మధ్యలో అమలాపురంలో గాలివానకు కరెంటు పోయినా దిగులక్కర్లేదు. మళ్ళీ మేక్ అంటే చాలు, ఫైళ్ళ వేళలు చూసుకుని మిగిలిన పనే అందుకుంటుంది. ‘జే’ అనే అవ్యయం పక్కన అంకె వేస్తే అన్ని పొయ్యిలూ ఒకేసారి వెలుగుతాయి. అంకె మరిచిపోతే హద్దు ఉండదు. మెమరీ కాస్తా నిండి యంత్రం మూర్ఛపోతుంది.

జీడీబీ దగ్గర మరో చిత్రం. టెక్స్‌ఇన్ఫో లేని యంత్రంలో, మేక్‌ఇన్ఫో కనబడలేదంటూ బిల్డు ఆగిపోవచ్చు. అది కావలసింది డీబగ్గరుకు కాదు, దాని మాన్యువలుకు. వంటల పుస్తకం దొరకలేదని పొయ్యి ఆర్పడం లాంటిదిది.

పాఠాంతరం
కొన్ని ప్రతుల్లో ‘సుడో మేక్ ఇన్‌స్టాల్’ అని ఉంది. కాన్ఫిగర్ దగ్గరే ప్రిఫిక్స్‌గా సొంత ఫోల్డరు చెప్పినవారికి సుడో ప్రక్షిప్తం. చెప్పనివారికి యూఎస్ఆర్ లోకలే గతి. అక్కడ సుడో లేనిదే ద్వారం తెరుచుకోదు. సొంత ఫోల్డరుతో మరో సుఖముంది: వద్దనుకున్న రోజున ఆ ఒక్క ఫోల్డరు తీసేస్తే సరి.

ఫలశ్రుతి
అంతా అయ్యాక జీసీసీని వెర్షన్ అడిగితే పాత అంకే చెప్పవచ్చు. కట్టడంలో లోపం లేదు. పాత్ వరసలో పాత ఫోల్డరు ముందుంది. కొత్త బిన్ ఫోల్డరును దానికంటే ముందు చేర్చాలి.