మంచులో విమానం లేపడం ఎలా?

వాతావరణం వల్ల జరిగే ప్రమాదంలో వాతావరణం తన వంతు చేస్తుంది. మిగతాది మీరే చూసుకోవాలి, కెప్టెన్ గారూ. ఇక్కడ చెప్పేవేవీ గాలి కబుర్లు కావు. 1982 జనవరి 13న వాషింగ్టన్‌లో ఎయిర్ ఫ్లోరిడా బోయింగ్ 737 మీద అన్నీ అమలు చేసి చూసినవే.

టగ్గు మంచు మీద జారుతూ విమానాన్ని వెనక్కి నెట్టలేకపోతే, చక్రాలకు గొలుసులున్న ఇంకో టగ్గు కోసం ఎదురుచూడకండి. ఇంజన్లు రివర్స్‌లో పెట్టండి. నిబంధనలు ఒప్పుకోవని టగ్గు నడిపేవాడు అంటాడు. అననివ్వండి. విమానం అంగుళం కదలకపోయినా మంచూ బురదా బ్రహ్మాండంగా ఎగురుతాయి.

రెక్కల మీద మంచు కరిగించే ద్రవం ఒకసారి కొట్టించారా, ఇక ఆ మాటెత్తకండి. ఆ రోజు ద్రవం కొట్టాక టేకాఫ్‌కు 49 నిమిషాలు పట్టింది, మంచు మాత్రం ఆగలేదు. అయితేనేం? వెనక్కి వెళితే వరసలో చోటు పోతుంది. ముందున్న విమానానికి బాగా దగ్గరగా జరగండి, దాని ఇంజన్ల వేడికి మీ మంచు ఉచితంగా కరుగుతుంది. కరిగిన నీళ్లు మళ్లీ గడ్డకడతాయన్నది మాన్యువల్ రాసినవాళ్ల చాదస్తం.

చెక్‌లిస్టులో ఇంజన్ యాంటీ-ఐస్ దగ్గరికొచ్చేసరికి, ఫ్లోరిడా ఎండలో చెప్పే జవాబే చెప్పండి: ఆఫ్. అప్పుడు ఇంజన్ ముందుండే పీడన గొట్టం మంచుతో మూసుకుపోయి, ఇంజన్ల శక్తిని చూపే గేజి మిమ్మల్ని సంతోషపెడుతుంది. ఇంజన్లు నిజంగా ఇస్తున్నది 1.70 అయినా 2.04 చూపిస్తుంది. పక్కనున్న గేజిలు వేరే కథ చెబుతాయి, అటు చూడకండి.

అసలు చిక్కు కో-పైలట్‌తో. రన్‌వే మీద పరుగు మొదలవగానే, ఇది సరిగ్గా లేదంటాడు. కాసేపాగి మళ్లీ అంటాడు. పెద్దల మాట చద్దిమూట అన్నారు గానీ, కో-పైలట్ మాట గురించి ఎవరూ ఏమీ అనలేదు. ఆ టేకాఫ్‌లో విమానం నడుపుతున్నది అతనే. అయినా ఆపే అధికారం మీది, కాబట్టి అంతా బాగానే ఉందని చెప్పేయండి. మర్యాదస్తుడైతే, నిజమేనేమో అని తనే సర్దుకుంటాడు. ఆ మర్యాదను ప్రోత్సహించాలి. రన్‌వే ఇంకా మిగిలి ఉండగా గొంతు పెంచే కుర్రాళ్లతో నానా తంటా.

గాల్లోకి లేచాక కంట్రోళ్లు వణికి హెచ్చరిస్తాయి. ఇంజన్లలో ఇంకా శక్తి ఉంది గానీ, లీవర్లు కొసదాకా నెట్టడానికి తొందరపడకండి, ఇంజన్లు పాడైపోగలవు. గాల్లో ఉండేది అర నిమిషమే.

ఆ అర నిమిషం తర్వాత 14వ వీధి వంతెన, పొటోమాక్ నది. విమానంలోని 79 మందిలో ఐదుగురు బతికారు. వంతెన మీద వాహనాల్లో ఉన్న నలుగురు పోయారు.

విచారణలో ఎవరేమడిగినా మంచు అనండి చాలు. అదే మధ్యాహ్నం అదే మంచులో వేరే విమానాలు క్షేమంగా వెళ్లాయి కదా అంటే, మాట మార్చండి.