లావెక్కిన తాళం

లినక్స్ వాడేవాళ్లలో రెండు రకాలు. పని చేసుకోవడానికి వాడేవాళ్లు కొందరు, దాన్ని వాడటమే పనిగా పెట్టుకున్నవాళ్లు కొందరు. మా బావ రెండో రకం. మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్, పదహారు జీబీ మెమరీ ఉన్న డెస్క్‌టాప్, తెర నాలుగు మూలలా నల్లటి టెర్మినళ్లు, వాటిలో పైకి పాకుతుండే అంకెలు. గీజరు చెడిపోయిందని అక్క చెప్పి నెల దాటింది. అది ఆయన చెవిన పడదు. స్క్రీన్ లాక్ మాత్రం నిన్నటికంటే ముప్పై మెగాబైట్లు ఎక్కువ వాడిందంటే ఆ రాత్రి నిద్ర పట్టదు.

ఈ రకాన్ని గుర్తుపట్టడం తేలిక. "ఒకసారి ఆపి ఆన్ చేయకూడదా?" అని అడిగి చూడండి. గుడిలోకి చెప్పులతో వచ్చినవాణ్ని చూసినట్టు చూస్తారు. ఆపితే మెమరీ మొత్తం వెనక్కి వచ్చేస్తుందని ఆయనకీ తెలుసు. "వచ్చేస్తుంది బావమరిదీ, దాంతోపాటు సాక్ష్యమూ పోతుంది!" అంటాడు. ఆ కంప్యూటర్ కిందటి ఉగాదికి ఆన్ చేసింది.

అలాగని మెమరీ విషయంలో పిసినారా అంటే, కాదు. బ్రౌజర్‌లో వంద ట్యాబులు తెరిచి ఉంటాయి, మూడు జీబీలు హాయిగా మింగుతుంటాయి. అదేమిటి బావా అంటే, "అది తినడం. ఇది కారడం" అని తేల్చేశాడు. అడిగి తీసుకుని వాడుకుంటే తిండి. తీసుకుని, పని అయిపోయాక తిరిగివ్వకుండా, ఎక్కడ పెట్టిందో తానే మర్చిపోతే అది మెమరీ లీక్. మొదటిదాని మీద ఆయనకు జాలి ఉంది, రెండోదాని మీద పగ.

పైగా ఇది ఏ పాటల ప్లేయరో కాదు, తాళం. పాత ఎక్స్11 పద్ధతిలో స్క్రీన్ లాకర్ అంటే ప్రత్యేక అధికారాలేవీ లేని మామూలు ప్రోగ్రామే. తెర నిండా ఒక కిటికీ పరిచి, కీబోర్డునూ మౌస్‌నూ గుప్పిట్లో పెట్టుకుని కూర్చుంటుంది, అంతే. అది చస్తే దుప్పటి తొలగినట్టు వెనకున్నదంతా బయటపడుతుంది. ఇక మెమరీ నిండుకున్నప్పుడు లినక్స్ కెర్నెల్ ఏం చేస్తుందంటే, ప్రోగ్రాములన్నిటికీ మార్కులు వేసి, ఎక్కువ మింగినదాన్ని చంపేస్తుంది. కాబట్టి లావెక్కుతూ పోయే తాళం ఏదో ఒక రోజు కెర్నెల్ చేతిలో చచ్చి, తలుపు బార్లా తెరుస్తుంది. భయం నిజమైనదే. ఎస్‌లాక్ అనే బుల్లి లాకర్ ఈ భయంతోనే తన మార్కు మైనస్ 1000కి దించుకుని, చావు జాబితాలోంచి తప్పుకుంటుంది. కొత్త వేలాండ్ పద్ధతిలోనైతే లాకర్ చచ్చినా తెర మూసే ఉంచమనే ఏర్పాటు ఉంది. "మరి అందులోకి మారొచ్చుగా?" అన్నాను. మారితే చేయడానికి ఏముంటుందన్నట్టు చూశాడు.

భోజనాల దగ్గర ఆయన చెప్పే పురాణం ఒకటి ఉంది. 1992లో జేమీ జవిన్‌స్కీ ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రాశాడు. తాళం వేసేది వేరుగా, బొమ్మలు గీసేది వేరుగా ఉండాలని, బొమ్మ కూలినా తాళం పడి ఉండాలని ఆయన ఏళ్ల తరబడి పోరుపెట్టాడు. వినేదెవరు? 2021 జనవరిలో, లినక్స్ మింట్ వాడే ఒకాయన పిల్లలు కీబోర్డూ, తెర మీది కీబోర్డూ కలిపి ఎడాపెడా బాదేస్తే లాక్ కూలి డెస్క్‌టాప్ బయటపడింది. తెర మీది కీబోర్డులో నెత్తిన గీత ఉన్న ఒక అక్షరం నొక్కితే చాలట. నేను ముందే చెప్పానుగా అని జవిన్‌స్కీ మళ్లీ రాశాడు. ఈ కథ ముగిసేసరికి అందరి పెరుగన్నాలూ అయిపోతాయి. కథ విన్న వారంలోనే బావ అపార్ట్‌మెంట్ పిల్లల్ని పిలిచి, తలా ఒక చాక్లెట్ ఇచ్చి, "బాదండమ్మా, బాగా బాదండి" అని కీబోర్డు అప్పగించాడు. లాక్ కూలలేదు. స్పేస్ బార్ ఊడింది.

తర్వాత వాల్‌గ్రిండ్ పట్టుకున్నాడు. పోయిన ప్రతి బైటుకూ లెక్క చెప్పే పరికరమది. కాకపోతే దాని కింద నడిచే ప్రోగ్రాము ఇరవై ముప్పై రెట్లు నెమ్మదిస్తుంది. పాస్‌వర్డ్ మొదటి అక్షరం నొక్కి, దాని చుక్క తెర మీద కనపడేవరకు చేతులు కట్టుకుని కూర్చునేవాడు. కరెంటు బిల్లు కట్టాలని అక్క వచ్చి నిలబడితే, "నాలుగో అక్షరంలో ఉన్నానే, కాస్త ఆగు" అన్నాడు.

చివరికి దొంగ దొరికింది. లాక్ తెర మీద పది నిమిషాలకొకటి చొప్పున మారే పెళ్లి ఫొటోలు! ఫైలు రెండు మెగాబైట్లే, కానీ తెరకెక్కాలంటే విప్పి పరవాలి. 3840 చుక్కల వెడల్పు, 2160 ఎత్తు, చుక్కకు నాలుగు బైట్లు, వెరసి మూడు కోట్ల ముప్పై ఒక్క లక్షల పైచిలుకు. ఫొటో మారినప్పుడల్లా పాతది వదలకుండా లాకర్ కొత్తది ఎత్తుకుంటోంది. జీలకర్ర బెల్లం పెట్టాక తలంబ్రాలు, వాటి మీద అప్పగింతలు, అన్నీ మెమరీలోనే.

ఫొటోలు తీసేస్తే పీడ విరగడ. తీయలేదు. "తీసేస్తే లీక్ కనపడదుగా?" స్వాప్ కూడా ఆపేశాడు, లీకైనదంతా డిస్కులోకి జారుకుని దాక్కుంటుందట. ఆ స్థితిలో కంప్యూటర్‌కి తాళం వేసి, భోగి ముందు రాత్రి సంక్రాంతికి మా ఊరొచ్చాడు. గ్యాసు కట్టేశారా, మెయిన్ ఆపేశారా అని అక్క దారి పొడుగునా అడుగుతూనే ఉంది. గ్యాసు కట్టేశానన్నాడు.

భోగి పొద్దున మంట దగ్గర అందరూ చేతులు కాచుకుంటుంటే బావ ఫోన్ చూసుకుంటున్నాడు. ఇంటి కంప్యూటర్‌లోకి దూరి తాళం బరువు కనుక్కోవడానికి ఒక దొడ్డిదారి పెట్టుకున్నాడు. మా నాన్న పక్కకొచ్చి తొంగిచూశాడు.

"పెరిగిందా అల్లుడుగారూ?"

"పెరిగింది మావయ్యగారూ. రెండు వేల రెండు వందలు."

"శుభం. పండగపూట."

పెద్దపండగ మధ్యాహ్నం అరిసెల పళ్లెం ముందు మళ్లీ అడిగాడు. ఏడు వేల ఏడు వందలు. ఆ రాత్రి నాన్న నన్ను చాటుకి పిలిచి, "మీ బావ పైకి అలా ఉంటాడు గానీ బుర్రున్నవాడురా. ఏ కంపెనీయో మెల్లగా కనుక్కో" అన్నాడు.

కనుమనాడు పొద్దున పదకొండు వేలు దాటింది. మధ్యాహ్నం గారెలు వడ్డిస్తుండగా పన్నెండు వేల నాలుగు వందలు. తర్వాత అంకె రాలేదు. బావ మళ్లీ నొక్కాడు. ఖాళీ. లేచి నిలబడ్డాడు. మియాపూర్‌లో తాళం చచ్చింది, తెర బార్లా తెరుచుకుంది. చూడ్డానికి ఆ ఫ్లాట్‌లో ఈగ కూడా లేదు.

"ఏమైంది అల్లుడుగారూ?"

"మొత్తం పోయింది మావయ్యగారూ!" అన్నాడు బావ. లాగ్ ఫైలు చేతికి చిక్కిన ఆనందంలో ముఖం వెలిగిపోతోంది.

నాన్న చేతిలో గారె విస్తట్లో పెట్టేసి, "పొద్దున్నే అమ్మేస్తే పోయేది కదయ్యా!" అన్నాడు.