రోజుకు ఇరవై ఏడు గంటల ఆట

పిల్లలు ఆడుకుంటే చాలు, ఊరికి నీళ్లొస్తాయట! చందాలు పోగు చేయడానికి ఇంతకంటే తియ్యని మాట ఏముంటుంది? దక్షిణాఫ్రికాలో పుట్టిన ‘ప్లేపంప్’ ఈ మాట మీదే నడిచింది. బోరు మీద రంగులరాట్నం బిగిస్తారు. పిల్లలు ఎక్కి తిరుగుతుంటే నీళ్లు పైకొచ్చి ట్యాంకులో పడతాయి. ట్యాంకుకు నాలుగు వైపులా బోర్డులు, వాటిలో రెండు వ్యాపార ప్రకటనలకు, రెండు ఆరోగ్య సూత్రాలకు. ప్రకటనల మీద వచ్చే డబ్బుతో మరమ్మతులు. ఆటా ఉచితమే, నీళ్లూ ఉచితమే, రిపేరూ ఉచితమే! దీన్ని జనంలోకి తెచ్చిన ట్రెవర్ ఫీల్డ్ ప్రకటనల రంగంలో ఆరితేరినవాడంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

దీనికి 2000లో ప్రపంచ బ్యాంకు బహుమతి ఇచ్చింది. 2006లో న్యూయార్కులో అమెరికా మాజీ అధ్యక్షుడు బిల్ క్లింటన్ పెట్టిన సభలో అప్పటి అధ్యక్షుడి భార్య లారా బుష్ 1.64 కోట్ల డాలర్ల సాయం ప్రకటించారు. పార్టీలు వేరైనా రంగులరాట్నం దగ్గర అందరూ ఒకటే. 2010 నాటికి ఆఫ్రికాలో 4,000 పంపులు పెట్టి, కోటి మందికి నీళ్లు ఇస్తామన్నారు.

ఇక్కడ ఎక్కాలు వచ్చిన పిల్లాడెవడైనా చేయగల లెక్క ఒకటుంది. కోటిని 4,000తో భాగిస్తే పంపుకు 2,500 మంది. మనిషికి కనీసంలో కనీసం రోజుకు 15 లీటర్లు అనుకున్నా 37,500 లీటర్లు కావాలి. తయారీదారులు చెప్పుకున్న ప్రకారమే పంపు గంటకు 1,400 లీటర్లు తోడుతుంది. అంటే పిల్లలు రోజుకు దాదాపు 27 గంటలు ఆడాలి! 2009లో బ్రిటన్ పత్రిక గార్డియన్ ఈ సంగతి బయటపెట్టింది. బడి, తిండి, నిద్ర అన్నీ మానేసినా ఇంకా మూడు గంటలు తగ్గుతుంది. ఆ మూడు గంటలు ఎవరి చేత ఆడించాలనుకున్నారో మరి.

మామూలు రంగులరాట్నాన్ని ఒక్కసారి తోస్తే కాసేపు దానంతట అదే తిరుగుతుంది. పిల్లలకు మజా అక్కడే. ఇది అలా కాదు, తిరిగినంతసేపూ పాతాళం నుంచి నీళ్లు లాగుతూనే ఉండాలి. తోయడం ఆపితే ఆగిపోతుంది. నాలుగు చుట్లకే పిల్లలు అలిసి దిగిపోతే, ఆ పని మళ్లీ అమ్మల మీదే పడింది. నడుము వంచి, బరువైన చక్రాన్ని చేత్తో తోస్తూ గుండ్రంగా తిరగడం వాళ్ల వంతు. మలావీలో పనిచేసిన ఒక కెనడా ఇంజనీరు తాను ఎప్పుడు వెళ్లినా ఆడవాళ్లూ పిల్లలూ అవస్థపడి తిప్పడమే కనిపించిందని రాశాడు. అతను కెమెరా బయటికి తీయగానే మాత్రం పిల్లలు ఉత్సాహంగా ఎక్కి ఆడేవారట. దాతల బ్రోచర్లలోకి నవ్వు ముఖాలు ఎలా వచ్చాయో ఇంకెవరూ వివరించక్కర్లేదు.

ఇంతకీ ధర? ఒక్కోటి సుమారు 14,000 డాలర్లు. మామూలు చేతిపంపుకు దాదాపు నాలుగింతలు. కొన్ని ఊళ్లలో బాగా పనిచేస్తున్న చేతిపంపును పీకి మరీ దీన్ని పెట్టారు! పాడైతే ఊరివాళ్లు విప్పలేరు, బయటి మెకానిక్ కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. ఇక ప్రకటనల బోర్డులా? కొనే డబ్బు లేని పల్లెలో సబ్బు ప్రకటన ఎవడు వేస్తాడు? చాలాచోట్ల బోర్డులు ఖాళీగానే ఉండిపోయాయి.

ఆ చేతిపంపునే మనం బోరింగు అంటాం, మన ఊళ్లలో అది తెలియనివారు లేరు. అందులో ఇండియా మార్క్-2 రకం 1970ల్లో యూనిసెఫ్ తోడ్పాటుతో మన దేశంలోనే తయారై, ఆఫ్రికాకూ వెళ్లింది. ఊరివాళ్లే వాషర్లు మార్చుకునేలా తీర్చిన ఆఫ్రిడెవ్ పంపు ఆ తర్వాత వచ్చింది. వీటి పక్కన ఫొటో దిగడానికి ప్రముఖులెవరూ క్యూ కట్టరు. కొట్టడం, తాగడం తప్ప వాటిలో చూడ్డానికేముంది?

2010 నాటికి ప్లేపంప్ అమెరికా సంస్థ చేతులెత్తేసి, మిగిలిన పంపుల్ని మరో సంస్థకు అప్పగించింది. అనుకున్న ఫలితం రాలేదని ప్రధాన దాతల్లో ఒక సంస్థే రాతపూర్వకంగా ఒప్పుకుంది. ఆ నిజాయితీకి దండం పెట్టాలి, అది చేతిపంపు పోగొట్టుకున్న ఊళ్లకు ఎలా ఉపయోగపడిందన్నది వేరే సంగతి.

సొంతూరికి నీళ్లిద్దామనుకునే ఎన్నారైలూ, కంపెనీల పెద్దలూ! ముద్దొచ్చే వీడియో ఎవరైనా పంపితే డబ్బు పంపే ముందు ఒక్కటి అడగండి: పాడైతే విడిభాగం ఏ కొట్లో దొరుకుతుంది, బిగించేది ఊళ్లో ఎవరు? జవాబు రాకపోతే జేబులోంచి చెయ్యి తీయకండి.