ఊరిపెద్ద ఎవరండీ?

పాతరోజుల్లో ఊరిపెద్ద కావాలంటే ఒక్కటే అర్హత: సరైన ఇంట్లో పుట్టడం. మునసబుగారి కొడుకు మునసబు, పట్వారీ కొడుకు పట్వారీ. పోటీ లేదు, డిపాజిట్టు పోతుందన్న బెంగ లేదు. కోస్తాలో మునసబు శిస్తు వసూలు చేసేవాడు, చిల్లర తగాదాలు తీర్చేవాడు, జననమరణాలు రాసేవాడు. పుట్టినా పోయినా ఆయన పుస్తకంలోకి ఎక్కాల్సిందే. తెలంగాణలో అంత బరువు ఒక్కడి నెత్తిన పెట్టడం అన్యాయమనుకున్నారో ఏమో, మాలీ పటేల్‌కు శిస్తు, పోలీస్ పటేల్‌కు లాఠీ, పట్వారీకి దఫ్తరం పంచిపెట్టారు. ముగ్గురికీ దండాలు పెట్టే పని రైతుకు మిగిలింది.

1984లో ఎన్టీ రామారావు ఒక్క వేటుతో వీళ్లందరినీ ఇంటికి పంపారు. ఊళ్లు ఊపిరి పీల్చుకున్నాయి. అయితే అడంగలు ఎవరో ఒకరు రాయాలి కదా! కొత్త పేరుతో కొత్త మనిషి దిగాడు, పోనుపోను వీఆర్వో అయ్యాడు. 2020లో తెలంగాణ సర్కారు ఆ వీఆర్వోను కూడా సాగనంపింది. 2025లో గ్రామ పాలనాధికారి అంటూ మళ్లీ కుర్చీ వేసింది. మన చెప్పులు మాత్రం అప్పుడూ అరిగాయి, ఇప్పుడూ అరుగుతున్నాయి.

సరే, అది సర్కారు వేసిన కుర్చీ. మనం ఓటేసి కూర్చోబెట్టే పెద్ద సర్పంచి. చట్టం సగం కుర్చీలు ఆడవాళ్లకిచ్చింది. మిగతా సగం ఎలాగూ మగవాళ్లవే, ఆ మొదటి సగంలో కూర్చునేదీ వాళ్లే. పంచాయతీ ఆఫీసుకు వెళ్లి చూడండి. తువ్వాలు పరిచిన కుర్చీలో ఇస్త్రీ చొక్కా, ఆ చొక్కా జేబులో సర్పంచి స్టాంపు.

"సర్పంచి మేడమ్ ఉన్నారాండీ?"

"నేనే, చెప్పండి."

మీరు నవ్వకూడదు. సంతకం కావాలంటే కాగితం ఇంటికెళ్లి వస్తుంది. ఆవిడే వచ్చి కూర్చుంటానంటే మాత్రం ఊరికి ఎక్కడలేని సంప్రదాయాలూ గుర్తొస్తాయి.

పోనీ, ఆ చొక్కాగారికైనా సుఖముందా అంటే అదీ లేదు. ఏకగ్రీవం కోసం గుడికి ఇంత, బడికి ఇంత అని వేలంపాట పాడాలి. గెలిచాక అప్పు తెచ్చి మురుగుకాలువ కట్టాలి. బిల్లు రాదు, వడ్డీ ఆగదు. తెలంగాణలో 2018 చట్టం చెక్కు మీద ఉపసర్పంచి సంతకం కూడా ఉండాలంది. దాంతో ఉపసర్పంచి అలిగితే వీధిదీపం వెలగదు. 2024 మొదట్లో అక్కడి సర్పంచుల పదవీకాలం ముగిస్తే 2025 డిసెంబరు దాకా ఎన్నికలే జరగలేదు. ఊళ్లను ప్రత్యేకాధికారులు ఏలారు. ఒక్కొక్కరికి బోలెడు బాధ్యతలు, కనుక ఏ ఊళ్లో వెతికినా పక్క ఊళ్లో ఉన్నారనే చెప్పేవారు.

వీళ్లెవరూ కాక, ఆదిలాబాద్ గోండు గూడేల్లో పట్లా అనే పెద్ద ఇప్పటికీ ఉన్నాడు. తగువొస్తే పదిమందినీ కూర్చోబెట్టి ఇరుపక్షాల మాటా వింటాడు. తువ్వాలు కుర్చీ లేదు, ఫ్లెక్సీ లేదు, వేలంపాట లేదు. గూడెం ఆచారాలనూ, తగువు తీర్చుకునే పద్ధతినీ కాపాడుకునే అధికారం గ్రామసభకుందని 1996లో గిరిజన ప్రాంతాల కోసం తెచ్చిన పెసా చట్టం కూడా ఒప్పుకుంది. అయితే ఆ గ్రామసభ జరిగిందని రుజువు కావాలంటే రిజిస్టరులో ఎంట్రీ ఉండాలి. రిజిస్టరు ఆఫీసు బీరువాలో ఉంటుంది. బీరువా తాళం? ఇస్త్రీ చొక్కా రెండో జేబు చూడండి.