మీకు బాగా తెలిసిన జబ్బు మీద రాయకండి

మెడికల్ జర్నల్‌కు రివ్యూ వ్యాసం రాయబోయే పీజీలకు, అసిస్టెంట్ ప్రొఫెసర్లకు నేనిచ్చే సలహాలు మొదటిసారి వినేవాళ్లకు తలకిందులుగా తోస్తాయి. మా గురువులు నాకు నేర్పినదానికి ఇవి చాలావరకు ఎదురు. అయినా ఒక్కొక్కటీ నమ్మే చెబుతున్నాను.

అన్నిటికన్నా ముందు, మీకు బాగా తెలిసిన జబ్బును ఎంచుకోకండి. పాముకాటు నాకు కొట్టినపిండి అనుకున్నాను. జిల్లా ఆసుపత్రిలో ఏళ్ల తరబడి, వానాకాలం వస్తే చాలు, రాత్రీ పగలూ చూసిన కేసులవి. ఆ ధీమాతోనే ఒక జర్నల్‌కు పొడుగాటి వ్యాసం రాశాను. రక్తపింజర విషం రక్తం గడ్డకట్టే ప్రక్రియను ఏ మెట్టు దగ్గర దెబ్బతీస్తుందో రెండు పేజీలు రాశాను. ఏ పాము ఎక్కడెక్కడ తిరుగుతుందో పటం వేశాను. మంచం పక్కనే చేసే 20 నిమిషాల రక్తపరీక్షకు మాత్రం ఒక్క వాక్యం దక్కింది: 2 మిల్లీలీటర్ల రక్తం నాళికలో పోసి, 20 నిమిషాలు కదపకుండా ఉంచి, వంచి చూడాలి.

వ్యాసం అచ్చయిన కొన్నాళ్లకు ఓ పీహెచ్‌సీ నుంచి డ్యూటీ డాక్టరమ్మ ఫోన్ చేసింది. వ్యాసం చదివి, అందులో ఉన్నట్టే చేసింది. రక్తం గడ్డకట్టలేదు. పాము విషానికి విరుగుడైన ఏఎస్‌వీ 10 వయల్స్ ఎక్కించడం మొదలుపెట్టింది. రోగికి ఒళ్లంతా దద్దుర్లు లేచాయి, బీపీ పడిపోయింది. అడ్రినలిన్ ఇచ్చి ప్రాణం నిలబెట్టింది. తీరా పెద్దాసుపత్రికి పంపితే ఒంట్లో విషమే లేదని తేలింది. ఆమె రక్తం పోసింది ప్లాస్టిక్ నాళికలో. గాజు గోడ తగిలితేనే ఈ పరీక్షలో రక్తం నమ్మకంగా గడ్డకడుతుంది. ప్లాస్టిక్‌లో గానీ, డిటర్జెంట్‌తో కడిగిన గాజులో గానీ పోస్తే ఆరోగ్యవంతుడి రక్తం కూడా ద్రవంగానే ఉండిపోవచ్చు. నా వ్యాసమంతా వెతికాను. 'గాజు' అన్న మాట ఎక్కడా లేదు. అది నాకు ఎంతగా అలవాటైపోయిందంటే, చెప్పాల్సిన సంగతని తట్టనే లేదు.

బాగా తెలిసినవాడికి వచ్చే చిక్కు ఇదే. ఎక్కడ తడబడతామో అతను మరిచిపోయి ఉంటాడు. తప్పనిసరై తెలిసిన జబ్బు మీదే రాయాల్సివస్తే, పోయిన నెలలో మొదటిసారి ఆ జబ్బును ఒంటరిగా ఎదుర్కొన్న డాక్టరును సహరచయితగా తెచ్చుకోండి. పేరు పెట్టుకోవడానికి కాదు, వ్యాసంలో సగం ఆ మనిషి చేతే రాయించండి.

పబ్‌మెడ్ తెరవకముందే వ్యాసం మొత్తం రాసేయండి. ఈ మాటకు పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ముందు సాహిత్యం చదవాలి, తర్వాతే కలం పట్టాలి అంటారు. అలా చేస్తే ముప్పై పేపర్ల వరుసే మీ వ్యాసం వరుస అవుతుంది. ఇప్పుడే రోగి గుమ్మంలోకి వచ్చాడనుకుని, మొదట ఏం చేస్తారో, తర్వాత ఏం చేస్తారో గుర్తున్నంత మేరకు ఒకే బిగిన రాయండి. ఆ తర్వాత పబ్‌మెడ్‌లోకి వెళ్లండి, కానీ మీ వాక్యాలకు అండ వెతకడానికి కాదు, వాటిని పడగొట్టడానికి. పడిపోయినవాటిని తీసేయండి. ఎక్కడ ఎలా వెతికారో కూడా వ్యాసంలో రాయండి. 1987లో సింథియా ముల్రో పెద్ద జర్నళ్లలో వచ్చిన 50 రివ్యూలను పరిశీలిస్తే, సమాచారం ఎలా సేకరించారో స్పష్టంగా చెప్పినది ఒక్కటే కనబడింది.

ఈ పడగొట్టే పని ఎగ్గొడితే ఏమవుతుందో గుండెపోటు వైద్యం చరిత్ర చెబుతుంది. 1992లో యాంట్‌మన్, ఆయన సహచరులు ట్రయల్స్ ఫలితాలను ఒకవైపు, నిపుణుల రివ్యూలు, పాఠ్యపుస్తకాలు ఇచ్చిన సలహాలను మరోవైపు పెట్టి ఏడాది వారీగా పోల్చారు. గడ్డ కరిగించే మందులు ప్రాణాలు కాపాడతాయని ట్రయల్స్ కలిపి చూస్తే తేలిపోయాక కూడా, పదేళ్లకు పైగా ఎక్కువమంది నిపుణులు వాటిని సిఫారసు చేయలేదు. అదే సమయంలో, ప్రాణం కాపాడుతుందన్న రుజువు లేని లిగ్నోకెయిన్‌ను ముందు జాగ్రత్తగా ఇమ్మని రాస్తూ వచ్చారు. వాళ్లు ఊరూపేరూ లేనివాళ్లు కారు, ఆ జబ్బును అందరికన్నా ఎక్కువగా చూసినవాళ్లు. ఈ సంగతి చదివిన రోజు నుంచి 'నా అనుభవంలో' అని మొదలయ్యే వాక్యాన్ని నేను రెండుసార్లు తరచి చూసుకుంటున్నాను.

రాసేది ఇంగ్లిషు జర్నల్‌కే అయినా, ముందు తెలుగులో ఎవరికైనా చెప్పండి. కట్లపాము సంగతే తీసుకుందాం. కాటు నొప్పి ఉండదు, వాపు రాదు, పంటి గుర్తు చాలాసార్లు కంటికి ఆనదు. పాఠ్యపుస్తకంలో ఇది నాడీవిషం కింద ఉంటుంది. ఆ పేజీ తెరవాలంటే ఇది పాముకాటని ముందే తెలిసి ఉండాలి కదా! రోగి భార్య ఆ పేరుతో రాదు. "రాత్రి కింద పడుకున్నాడండీ, తెల్లారుజామున కడుపునొప్పని లేచాడు. గ్యాసేమోనని మాత్ర వేశాం. ఇప్పుడు రెప్పలు ఎత్తలేకపోతున్నాడు, నీళ్లు కూడా మింగుడుపడట్లేదు" అంటుంది. మీ వ్యాసం మొదలవ్వాల్సింది ఆమె మాటల దగ్గర. తెలుగులో చెబుతుంటే అవి వాటంతటవే నోటికొస్తాయి. నేరుగా ఇంగ్లిషులో మొదలుపెడితే జబ్బు పేరే ముందు వస్తుంది.

రెఫరెన్సులు తగ్గించండి. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదవని పేపరును ఉదహరించకండి, నలుగురు ఉదహరించినా సరే. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అయిదు వాక్యాల ఉత్తరం ఒకటి వచ్చింది. ఆసుపత్రిలో ఉండగా నార్కోటిక్ మందులు తీసుకున్న 11,882 మందిలో, అంతకుముందు వ్యసనం లేనివాళ్లలో నలుగురికే అది అంటుకున్నట్టు నమోదైందని అందులో ఉంది. 2017లో లెక్కతీస్తే ఆ ఉత్తరాన్ని 608 చోట్ల ఉదహరించారు. వాటిలో 80 శాతానికి పైగా, ఆ రోగులు ఆసుపత్రిలో పడక మీద ఉన్నవాళ్లన్న ముక్క వదిలేశాయి. నెలల తరబడి ఇంట్లో మాత్రలు మింగేవాళ్లకూ అదే అభయం అన్నట్టు ఆ మాట పాకిపోయింది. తర్వాత అమెరికాలో ఓపియాయిడ్లు ఎన్ని ఇళ్లు కూల్చాయో మనకు తెలుసు. అయిదు వాక్యాలు చదవడానికి ఎంతసేపు పడుతుంది? దీన్ని తలచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

ఉపోద్ఘాతం కొట్టేయండి. దేశంలో పాముకాటుకు ఏటా సగటున 58,000 మంది చనిపోతున్నారన్న అంచనా ఒక వాక్యంలో ఇమిడిపోతుంది. రుజువు లేనిచోట 'తెలియదు' అని పెద్దక్షరాలతో రాయండి, దాన్ని చివర్లో దాచకండి.

ఇక, చిత్తుప్రతిని నిపుణుడికి చివరన చూపించండి. ఆయన లేనివి చేర్చమంటాడు, ఉన్నవాటిలో ఏది అర్థం కాదో చెప్పలేడు. ముందు హౌస్‌సర్జన్‌కి ఇవ్వండి, అదీ నైట్ డ్యూటీలో, రెండు కేసుల మధ్య. నా వ్యాసాన్ని తిరగరాశాక అలాగే ఇచ్చాను. ఆ అమ్మాయి పది నిమిషాల్లో చదివి రెండే ప్రశ్నలడిగింది. "సార్, చిన్నపిల్లలకు ఏఎస్‌వీ డోసు తగ్గించాలా?" తగ్గించకూడదు, పిల్లవాడని పాము విషం తగ్గించి కాటేయదు. నేను ఆ సంగతి రాయలేదు, వెంటనే చేర్చాను. రెండోది: "గాజు నాళిక ఉంది సార్, కానీ దాన్ని ఇంతకుముందు దేంతో కడిగారో నాకెలా తెలుస్తుంది?"

దానికి జవాబు వెతికి వ్యాసం మొదటి పేజీలోనే పెట్టాను. అనుమానం ఉంటే మీ రక్తమే 2 మిల్లీలీటర్లు తీసి, అలాంటి నాళికలోనే పోసి, రోగి రక్తం పక్కన ఉంచండి. 20 నిమిషాలయ్యాక రెండూ వంచి చూడండి. మీది కూడా గడ్డకట్టకపోతే ఆ నాళికలు పక్కన పడేసి, కొత్తవాటితో మళ్లీ చేయండి.