చెవి కోసుకునే మనిషి

ఆయన్ని శ్రవణమూర్తి అందాం. అసలు పేరు ఇంకేదో ఉంటుంది, ఊరు రెడింగో లీడ్సో కార్డిఫో ఏదో ఒకటి. బ్రిటన్‌లో యాభై దాటిన మగవాళ్ళు పదిమంది చేరిన ఏ ఆఫీసులోనైనా ఇలాంటాయన ఒకరు తగలకపోరు. పొద్దుటి రైల్లో కిటికీ పక్కన కూర్చుంటాడు. ఒళ్ళో సంచి, చెవుల మీద హెడ్‌ఫోన్లు, ముఖంలో ఆదాయప్పన్ను లెక్కలు చూసుకుంటున్నంత గాంభీర్యం. ఉన్నట్టుండి "వద్దు, ఆ తలుపు తియ్యకు!" అని పైకే అనేస్తాడు. బండి దిగడానికి లేచి బటన్ మీద వేలు పెట్టబోతున్న ఆవిడ ఉలిక్కిపడి వేలు వెనక్కి లాక్కుంటుంది.

ఆయన వింటున్నది డాక్టర్ హూ. "ఓహో, నేనూ చిన్నప్పుడు చూశాను" అని మాట కలిపితే మర్యాదగా నవ్వుతాడు గానీ, ఆ నవ్వులో కొంచెం జాలి ఉంటుంది. చూడటం ఆయన దృష్టిలో ప్రాథమిక విద్య. వినడం దగ్గర్నుంచే పైచదువు మొదలు.

కథ తెలియనివారికి రెండు ముక్కలు. బిబిసిలో 1963 నవంబర్ 23న మొదలైన సైన్స్ ఫిక్షన్ సీరియల్ ఇది. నీలం రంగు పోలీసు పెట్టెలో కూర్చుని కాలంలో ముందుకీ వెనక్కీ తిరిగే ఒక డాక్టరు, వెంట ఒకరో ఇద్దరో సహచరులు, దిగిన చోటల్లా ఏదో ఒక ఉపద్రవం: డాలెక్‌లనే లోహపు చిప్పల రాక్షసులో, సైబర్‌మెన్ అనే యంత్రమానవులో, డాక్టరు సొంత జాతివాళ్ళైన టైమ్ లార్డులో. ప్రాణం మీదికి వస్తే డాక్టరు పాత శరీరం వదిలి కొత్త శరీరంలోకి వస్తాడు. అంటే నటుడు మారతాడు, పాత్ర సాగుతుంది. మనవాళ్ళకి ఈ ఏర్పాటు బోధపడటానికి ఎంతోసేపు పట్టదు. 1989లో బిబిసి సీరియల్‌ని ఆపేసింది. 1996లో పాల్ మెగాన్‌ని డాక్టరుగా పెట్టి ఒక్క టీవీ సినిమా వేసి, మళ్ళీ 2005 దాకా ఊరుకుంది.

ఆ కరువు కాలంలో శ్రవణమూర్తులకి గంజి పోసి బతికించింది బిగ్ ఫినిష్ అనే సంస్థ. 1998లో బెర్నీస్ సమ్మర్‌ఫీల్డ్ అనే పురావస్తు శాస్త్రవేత్త కథలతో వాళ్ళు ధ్వని నాటకాలు మొదలుపెట్టారు. అప్పటికి ఆవిడ నవలల్లో పుట్టి నవలల్లోనే పెరిగిన పాత్ర. మరుసటి ఏడు జూలైలో పీటర్ డేవిసన్, కాలిన్ బేకర్, సిల్వెస్టర్ మెకాయ్, ముగ్గురు టీవీ డాక్టర్లనీ ఒకే నాటకంలో మైకు ముందు నిలబెట్టారు. ఆ వరస 2021లో ముగిసేసరికి 275 నాటకాలయ్యాయి. ఒక్కోటి ఇంచుమించు రెండు గంటలు. ఇది ఒక్క వరస లెక్క. పక్క వరసల సంగతి అడిగితే శ్రవణమూర్తి కుర్చీ దగ్గరికి లాక్కుంటాడు, మీకు సాయంత్రం బస్సు తప్పిపోతుంది.

వినడానికి ఆయనకి చేతులకి పని ఉండాలి. ఊరికే కూర్చుని వింటే నిద్రొస్తుందట. అందుకని ఆ ఇంట్లో గిన్నెలు, ఇస్త్రీ, చెత్తబుట్టలు అన్నీ డాక్టరు ఖాతాలోవే. వాళ్ళావిడకి ఇరవై ఏళ్ళ కాపురంలో శాస్త్రం అబ్బింది. "డాలెక్‌లు వచ్చాయంటే మూకుడు అడుగు దాకా తోముతాడండీ. మాటలెక్కువున్న కథ అయితే చొక్కాలు బాగా వస్తాయి. టైమ్ లార్డుల రాజకీయాలు పెట్టుకున్న రోజున మాత్రం ఇస్త్రీ చెయ్యనివ్వను" అంది నాతో. గాలిఫ్రే అనే ఆ వరసకి రెండు కాలర్లు కాలిపోయాయని తర్వాత తెలిసింది.

ఒకసారి వాళ్ళింటికి వెళ్తే ఆయన సింకు దగ్గర ఉన్నాడు. నన్ను చూసి నురగ కారుతున్న చెయ్యి పైకెత్తి, ఆగమన్నట్టు సైగ చేశాడు. నురగ మోచేతి దాకా జారి చొక్కాలోకి దిగింది. అయినా చెయ్యి దించలేదు. కాసేపటికి ఊపిరి వదిలి, "కాలిన్‌ని దాదాపు చంపేశారు" అన్నాడు, పక్కింటాయన గురించి చెబుతున్నట్టు.

కాలిన్ అంటే కాలిన్ బేకర్, ఆరో డాక్టరు. శ్రవణమూర్తి మతానికి మూలపురుషుడు ఈయనే అనుకోవచ్చు. 1984లో టీవీ డాక్టరు అయ్యాడు. ఆయనకి తొడిగిన కోటు ఎర్రటి, పచ్చటి, గులాబీ, పసుపు ముక్కలన్నీ కలిపి కుట్టింది. జనం కోటు చూశారు, నటుణ్ణి చూడలేదు. 1986లో బిబిసి ఆయన్ని తప్పించింది. పదమూడేళ్ళ తర్వాత ధ్వని నాటకాల్లోకి వస్తే అక్కడ కోటు కనపడదు! గొంతే మిగిలింది, ఆ గొంతు అద్భుతం. పైగా 2000లో ఎవలిన్ స్మైత్ అనే పెద్దావిడని సహచరిగా ఇచ్చారు. చరిత్ర పాఠాలు చెప్పే లెక్చరరు, చాక్లెట్ కేకు మీద మక్కువ, డాక్టర్ని కూడా స్కూలు పిల్లాణ్ణి కసిరినట్టు కసురుతుంది. మ్యాగీ స్టేబుల్స్ చేసిన ఆ పాత్రకి టీవీ డాక్టరు సహచరుల్లో సమానమైంది నాకైతే కనపడదు. ఈ విషయంలో శ్రవణమూర్తితో నాకు పేచీ లేదు.

ఆయన సిద్ధాంతం ఒక్కటే: టీవీ చేసిన అన్యాయమల్లా ధ్వని సరిచేస్తుంది. టీవీలో రబ్బరు రాక్షసుడి వీపు మీద జిప్పు కనిపిస్తుంది, వినేవాడికి జిప్పుండదు. టీవీలో డాలెక్‌ల సైన్యం కావాలంటే డబ్బు కావాలి, ఇక్కడ నికోలస్ బ్రిగ్స్ అనే ఒక్క మనిషి, గొంతు మార్చే ఒక రింగ్ మాడ్యులేటరు ఉంటే ఎన్ని వేల డాలెక్‌లైనా తయారు. 2005 నుంచి టీవీ డాలెక్‌ల గొంతు కూడా ఆయనదే. ఆ యంత్రం కొనే స్తోమత లేక శ్రవణమూర్తి వేసవిలో టేబుల్ ఫ్యాను ముందు నోరు పెట్టి సాధన చేస్తాడు. ఫ్యాను గొంతు విని పెరిగినవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, బాగానే వస్తుంది.

ధ్వనికి ఉన్న చిక్కు కూడా ఆయనకి తెలుసు. కళ్ళకి కనపడనిది ఎవరో ఒకరు నోటితో చెప్పాలి. ఆకాశవాణి నాటకాలు విని పెరిగిన మనకి "అదుగో నాన్నగారు, చేతిలో ఏదో ఉత్తరం కూడా ఉంది" తరహా డైలాగు కొత్త కాదు. బ్రిటన్‌లోనూ ఈ జబ్బు ఎంత పాతదంటే, టిమొతీ వెస్ట్ అనే నటుడు దాన్ని ఆటపట్టిస్తూ ఒక నాటకమే రాశాడు. దాని పేరు తెలుగులో చెప్పాలంటే "నా కుడిచేతిలోని ఈ తుపాకీలో గుళ్ళున్నాయి". బిగ్ ఫినిష్ రచయితలు ఈ చిక్కుని చాలామటుకు దాటేశారు గానీ, శ్రవణమూర్తికి మాత్రం అంటుకుంది. అర్ధరాత్రి వంటింట్లోంచి ఆయన గొంతు వినిపిస్తుందట: "ఫ్రిజ్ తలుపు తెరిచి ఉంది. పాలసీసా ఖాళీ. అంటే మనకంటే ముందు ఇక్కడికి ఎవరో వచ్చారు!"

ఇక పిల్ల సిరీస్‌ల సంగతి. మహాభారతంలో ఉపాఖ్యానాలున్నాయి కదా అని సర్దుకుపోదామంటే, ఇక్కడ ఉపాఖ్యానమే భారతమై కూర్చుంటుంది. 1977లో ఒక ఆరు ఎపిసోడ్ల కథలో విక్టోరియా రాణి కాలపు లండన్ మనుషులు ఇద్దరు వచ్చారు. ఒకాయన జాగో, నాటకాల హాలు నడిపే మాటకారి. రెండో ఆయన లైట్‌ఫుట్, శవపరీక్షలు చేసే పెద్దమనిషి. కథ అయిపోయింది, ఇద్దరూ టీవీలో మళ్ళీ కనపడలేదు. మామూలు మనిషైతే వాళ్ళని మర్చిపోతాడు. శ్రవణమూర్తి మర్చిపోలేదు. ముప్ఫై రెండేళ్ళ తర్వాత, 2009లో, అదే నటులు క్రిస్టఫర్ బెంజమిన్, ట్రెవర్ బాక్స్టర్ ఒక ధ్వని కథ చేస్తే, 2010 నుంచి వాళ్ళ పేరుతోనే వరస మొదలైంది. పదమూడు సిరీస్‌లు! ఇద్దరు ముసలివాళ్ళు సారాకొట్లో కూర్చుని ఒకరినొకరు పొగుడుకుంటూ దయ్యాల్ని పడతారు. 2017లో బాక్స్టర్ పోవడంతో అది ఆగింది. ఆయన చోట వేరే నటుణ్ణి పెట్టి కొనసాగించలేదు. శ్రవణమూర్తి ఆఖరి భాగాన్ని ఇంకా వినలేదు, వింటే అయిపోతుందని.

అన్నీ ఇంత ముచ్చటగా ఉండవు. కౌంటర్ మెజర్స్, టార్చ్‌వుడ్, ఇంకా మరెన్నో. కొన్ని పేర్లు చెప్పేటప్పుడు ఆయనే కళ్ళు దించుకుంటాడు. అయినా కొంటాడు. తగ్గింపు ధర పెట్టారంటే కొన్నవాటిలో అదివరకే కొన్నవి కూడా ఉంటాయి. "రిటైరయ్యాక వింటాను" అంటాడు. ఆయన రిటైరయ్యాక బతకవలసిన కాలాన్ని పెన్షన్ లెక్క ప్రకారం కాకుండా ఆ నాటకాల నిడివి ప్రకారం చూస్తే, దీర్ఘాయుష్మాన్ భవ అనడం తప్ప చేసేదేమీ లేదు. నాటకం చివర నటుల ముచ్చట్లు కూడా ఉంటాయి. అవీ వదలడు. స్టూడియోలో భోజనం బాగుందని ఏ నటుడు ఏ ఏడు అన్నాడో ఆయనకి కంఠతా వచ్చు, సొంత కొడుకు పుట్టినరోజు మాత్రం ఫోను గుర్తుచేయాలి.

ఈ జాతికి వంశకర్తలు ఎవరంటే, 1960ల నాటి పిల్లలు. బిబిసి ఆ రోజుల్లో పాత టేపులు చెరిపేసేది. అలా పోయిన ఎపిసోడ్లు చాలా ఉన్నాయి. బొమ్మలు పోయాయి గానీ, వాటిలో ప్రతి ఒక్క ఎపిసోడు ధ్వనీ మిగిలింది. టీవీ ముందు టేప్ రికార్డరు పెట్టుకుని కూర్చున్న అభిమానుల చలవ అది. టీకి రమ్మని పిలిచిన తల్లుల వైపు నోటి మీద వేలుంచుకుని ఎంత కోపంగా చూసి ఉంటారో! ఆ చూపు ఇప్పటికీ శ్రవణమూర్తి దగ్గర ఉంది.

టీవీ మళ్ళీ వచ్చాక ఈయన చల్లబడతాడనుకున్నారు. అహంకారం పెరిగింది. 2005లో ఒంటరి డాలెక్ ఒకటి గొలుసుల్లో బందీగా ఉన్న ఎపిసోడు చూసి దేశమంతా నోరు తెరిస్తే, ఈయన ఆవలించాడు. దాన్ని రాసిన రాబ్ షియర్‌మన్ 2003లో ‘జూబిలీ’ అనే ధ్వని నాటకంలో ఆ బీజం వేశాడు మరి. మరుసటి ఏడు సైబర్‌మెన్ వచ్చినప్పుడూ అంతే. "మార్క్ ప్లాట్ 2002లో ‘స్పేర్ పార్ట్స్’ రాశాడు" అని, అడగనివాళ్ళకి కూడా చెప్పాడు.

అయినా లోపల ఒక ముల్లుండేది. "అవి లెక్కలోకి రావులెండి, టీవీలో చూపించినవే అసలు" అని తోటి అభిమానులే అనేవాళ్ళు. పాల్ మెగాన్ డాక్టరుకి అప్పటికి టీవీలో ఉన్నది ఒక్క సినిమా. జీవితమంతా ధ్వనిలోనే గడిచింది. 1930లో ఫ్రాన్సులో కూలిపోయిన ఆర్101 గాలిఓడలోంచి ఛార్లీ పోలార్డ్ అనే అమ్మాయిని కాపాడటంతో 2001లో అది మొదలైంది. ఛార్లీగా చేసిన ఇండియా ఫిషర్ గొంతు బ్రిటన్‌లో ఇంటింటికీ తెలుసు, టీవీలో మాస్టర్‌షెఫ్ వంటల పోటీకి వ్యాఖ్యానం ఆవిడదే. భార్య ఆ పోటీ పెట్టుకుంటే శ్రవణమూర్తి మేడ మీంచి పరిగెత్తుకొస్తాడు, పులుసు కోసం కాదు.

సరే, 2013 నవంబర్ 14న బిబిసి ఏడు నిమిషాల చిన్న చిత్రం ఒకటి విడుదల చేసింది. మెగాన్ డాక్టరు చావబోతూ తన సహచరుల్ని పేరు పేరునా తలుచుకున్నాడు: ఛార్లీ, క్రిజ్, లూసీ, టామ్సిన్, మోలీ. అయిదుగురూ ధ్వని నాటకాలవాళ్ళే. టీవీ తన నోటితో ఒప్పుకుంది! ఆ రోజు శ్రవణమూర్తి ఎగిరి గంతేసి ఉంటాడనుకున్నాను. మర్నాడు ఆఫీసులో ముఖం ముడుచుకుని ఉన్నాడు. ఏమైందంటే, "మేరీ షెల్లీ పేరు చెప్పలేదు" అన్నాడు. ఫ్రాంకెన్‌స్టైన్ రాసిన మేరీ షెల్లీయే. ఆవిడ కూడా మెగాన్‌తో కొన్నాళ్ళు తిరిగింది, ధ్వనిలో. ఆ చిన్నచూపు ఆయన ఇంకా మర్చిపోలేదు.

పోనీ ఒకటి వినిపించమని అడిగాను. చాలా ఆలోచించి ‘ది చైమ్స్ ఆఫ్ మిడ్‌నైట్’ ఇచ్చాడు. క్రిస్మస్ ముందు రాత్రి, ఎడ్వర్డ్ రాజు కాలపు పెద్ద ఇల్లు, కింద వంటింట్లో పనివాళ్ళు. గడియారం గంట కొడుతుంది, ఒకరు చస్తారు. మిగతావాళ్ళు అది ఆత్మహత్యేనని తేల్చుకుని ప్లమ్ పుడింగ్ పనిలో పడతారు. నవ్వొస్తుంది, కాసేపటికి ఆ నవ్వే భయపెడుతుంది. ఆ ఇల్లు ఎవరి గొంతులోనో తప్ప ఇంకెక్కడా లేదని తెలిసినా, మెట్ల కింద చీకటి నాకు స్పష్టంగా కనిపించింది. ఏ కెమెరా అయినా దాన్ని పాడుచేసేదే. చాలా బాగుందని నిజాయితీగా చెప్పాను.

"బాగుంటుంది" అన్నాడు, తానే రాసినంత వినయంగా. "కాకపోతే మీకు సగమే అర్థమై ఉంటుంది. ఛార్లీ బతికి ఉండకూడదన్న సంగతి తెలియాలంటే ముందు ‘స్టార్మ్ వార్నింగ్’ వినాలి. అక్కణ్ణుంచి వరసగా వచ్చి దీన్ని మళ్ళీ వినండి." అని నాకొక ఎక్సెల్ షీటు పంపాడు. తెరిస్తే అడుగు కనపడలేదు. వెనకాలే సందేశం: "పసుపువి ముందు. ఆకుపచ్చవి ఇస్త్రీ చేస్తూ వినొచ్చు. ఎర్రవి మాత్రం నన్నడక్కుండా ముట్టుకోకండి."